చూడందే చెప్పని డాక్టరు

ఆయన చనిపోయిన సంగతి నాకు మందుల షాపులో తెలిసింది. సంగారెడ్డిలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, తిరుగు బస్సు ఎక్కే ముందు అమ్మకు బీపీ మాత్రలు కొందామని ఆగాను. పక్కనే ఉండే ఆయన క్లినిక్ షట్టర్ వేసి ఉంది. బోర్డు దించేశారు. అది ఉన్నంత మేర గోడ కొత్తగా, తెల్లగా కనబడుతోంది. ఎందుకు మూసి ఉందని అడిగితే షాపతను మాత్రలు కవర్లో వేస్తూ, "సాబ్ పోయిండు గద మేడం. నెల దాటింది. మీకెవ్వరు చెప్పలేదా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత దగ్గరివాళ్ళం కూడా కాదు మేము. ఆయన దగ్గరికి వచ్చిపోయిన ఎంతోమందిలో మేమూ ఒకళ్ళం. అయినా ఆ షాపు మెట్ల మీద నిలబడి నేను చేసిన మొదటి పని, కాలేజీలో ఉన్న నా కూతురికి ఫోన్ చేయడం. ఆమె "చెప్పమ్మా" అంది. కొంచెం బొంగురుగా, అడుగున గరుకు తగిలే గొంతు అది. కొత్తవాళ్ళు ఫోన్లో అబ్బాయి అనుకుంటారు. సాయంత్రం మాట్లాడతానని పెట్టేశాను.

ఆ గొంతును ఆమెకు మిగిల్చింది ఆయనే.

పుట్టిన ఏడాది తిరిగేసరికి నా కూతురి ఏడుపు మారింది. గట్టిగా ఏడ్చేది కాస్తా, తడిబట్ట పిండినట్టు ఒక చిన్న చప్పుడైంది. జలుబన్నారు. తర్వాత ఊపిరి తీస్తుంటే చప్పుడు మొదలైంది. నిద్రలో అది రంపంతో కట్టె కోస్తున్నట్టుండేది. మేమప్పుడు పటాన్‌చెరులో ఫ్యాక్టరీలకు దగ్గరగా కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన సొంతూరు లక్డారం, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. నేను ఒక మందుల కంపెనీలో మాత్రల నాణ్యత చూసే సెక్షన్‌లో చేసేదాన్ని. పొద్దు గూకితే గాలిలో ముక్కు మండే వాసన ఒకటి వచ్చేది. చూపించిన ప్రతి డాక్టరూ కిటికీ వైపు చెయ్యి చూపించి, ఈ గాలికి ఉబ్బసం వచ్చిందనేవాడు. మేమూ నమ్మాం. మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించడం మా ఇంట్లో అన్నం తినిపించడం లాంటి పనైపోయింది. మూడేళ్ళు నిండినా పాపకు గొంతు రాలేదు. అన్నీ గుసగుసలే. ఆడుకునేటప్పుడు కూడా రహస్యం చెబుతున్నట్టే ఉండేది.

నాతో పనిచేసే ఆమె చెబితే సంగారెడ్డి వెళ్ళాం. ఆయన క్లినిక్ ముందుగది నిండా జనం. పాప నా ఒళ్ళో కూర్చుని నిద్రపోయింది, ఆ రంపం చప్పుడు మొదలైంది. పక్కవాళ్ళు తలలు తిప్పి చూస్తుంటే నేను పైట కప్పబోయాను. అంతలో లోపలి గది పరదా తొలిగింది. సన్నగా, పొట్టిగా ఉన్న పెద్దాయన, తెల్ల గడ్డం, నుదుటి మీద గుండ్రటి అద్దం. లోపల ఎవరినో పరీక్షిస్తూ మధ్యలో లేచి వచ్చాడు.

"ఆ చప్పుడు ఎవరిది?" అన్నాడు.

ఆయన మాట ఎప్పుడూ పైకి లేవదు. పక్క గదిలో చంటిబిడ్డ పడుకుని ఉన్నట్టు మాట్లాడేవాడు. ఆయన చెప్పేది వినడానికి పహిల్వాన్ల లాంటి మగవాళ్ళు కూడా ముందుకు వంగాల్సి వచ్చేది. నేను చెయ్యెత్తాను. "వరసల ఉన్నోళ్లు జెర ఆగుండ్రి. ఈ బిడ్డను ముందు చూడాలె," అని మమ్మల్ని లోపలికి పిలిచాడు.

లోపల ఫ్యాను ఆపేశాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాను నేల మీద గొంతుక్కూర్చున్నాడు. స్టెతస్కోపు తీయలేదు. కళ్ళు మూసుకున్నాడు. పాప ఊపిరితో పాటు ఆయన అరచెయ్యి గాలిలో మెల్లగా లేచి దిగుతోంది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఎంతోమంది పిల్లల ముందు ఆయన అలా కూర్చోవడం చూశాను. ఆ కాసేపు తల్లులు ఎవరూ కదలరు. నేనైతే నా ఊపిరి కూడా ఆపుకున్నాను.

"ఉబ్బసమన్నరా?"

"ఔ సార్," అన్నాడు మా ఆయన.

"ఉబ్బసమైతె గాలి బయటికి వచ్చేటప్పుడు పిల్లికూత వస్తది. మీ బిడ్డకు లోపలికి పోయేటప్పుడు వస్తుంది. అడ్డం ఛాతిల లేదు. గొంతుల ఉన్నది."

"ఏం అడ్డం సార్?" అన్నాను.

"ఇంక చూడలే గదమ్మా. చూడంది నేను చెప్ప."

మా ఆయన పాపను లేపి, నోరు తెరువు బిడ్డా అని గదుమ పట్టుకోబోయాడు. డాక్టరు చటుక్కున మా ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు. ఇక్కడ నేను చెంచ గూడ పెట్ట. ఏడ్సిందంటె ఉన్న సందు గూడ మూసుకపోతది." అదే మెత్తటి గొంతుతో అన్నాడు. అన్నాళ్ళూ నేను ఆ పిల్లను మందు పట్టించడానికి ఏడిపించాను, తల దువ్వడానికి ఏడిపించాను, అంగన్‌వాడీలో వదిలేటప్పుడు ఏడిపించాను. ఇన్నాళ్ళూ అది ఒక సన్నటి సందు మీద బతుకుతోందన్నమాట.

ఆయన స్వరపేటిక అనేవాడు కాదు, మాట పెట్టె అనేవాడు. పెద్దవాళ్ళకైతే చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చబెట్టి, దాన్ని ముందు తన చేతి వెనక ఆనించి చూసుకుని, నాలుక పట్టుకుని, గొంతు వెనక పెట్టి చూసేవాడు. చిన్నపిల్లలకు అది కుదరదు. "మత్తిచ్చి, తల వెనకకు వంచి, నోట్లకెళ్లి ఇనుప గొట్టం పెట్టి, లైటు ఏసి నేరుగ చూడాలె. వేరే దారి లేదు," అన్నాడు. తర్వాత మేము అడగకముందే మిగతాదీ చెప్పాడు. "మత్తెక్కంగనె కండలు ఢీల పడ్తయి. అప్పుడు సందు మూసుకపోవచ్చు. మూసుకపోతె మెడ ముందర కోసి గొట్టం ఎయ్యాలె. ఆ సామాను పక్కన పెట్టుకోకుంట నేను మొదలువెట్ట."

"ఉత్తగ చూస్తానికి ఇంత ఉంటదా సార్?" అన్నాడు మా ఆయన.

"చూడకుంట మందిస్తె ఇన్నొద్దులు ఇచ్చినట్టే అయితది."

"ఏమన్న అయితదా సార్?"

ఆయన నుదుటి మీది అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "కావచ్చు. కాకుంట చూస్తానికే నేను, మత్తు డాక్టరు ఉన్నం. ఏం కాదు అని మాత్రం చెప్ప. ఆ మాట మీకు చెప్పి నేను లోపలికి పోలేను."

అందరు డాక్టర్లూ ఏం కాదు అనేవాళ్ళే. ఆ మాటకు అలవాటు పడ్డ మాకు ఈయన మాట చెంపదెబ్బలా తగిలింది. బయటికొచ్చాక మా ఆయన, వేరే ఎవరికన్నా చూపిద్దామా అన్నాడు. నేను పాప మెడ కింది గుంట చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి వేలు పట్టేంత పోతోంది. రోజూ చూసిన గుంటే. దాన్ని చూసి నేను అన్నాళ్ళూ సన్నగా ఉన్న పిల్ల కదా అనుకున్నాను. వద్దు, ఈయన్నే చూడనీ అన్నాను.

మర్నాడే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి తీసుకుపోయాం. థియేటర్ తలుపు దగ్గర ఆయన చేతి గడియారం తీసి కుర్తా జేబులో వేసుకున్నాడు. పాప ముందు వంగి, "మేడం, నేను జెర లోపలికి పోయి చూసొస్త. ఇజాజత్ ఉన్నదా?" అన్నాడు. అనుమతి అడుగుతున్నాడని మూడేళ్ళ పిల్లకు ఏం అర్థమవుతుంది. అది ఆయన గడ్డం వైపు చూస్తూ ఉండిపోయింది. నర్సు తొందరపడుతున్నా ఆయన కదల్లేదు. పాప తల ఊపిందాకా అలాగే వంగి ఉన్నాడు. తర్వాత తానే ఎత్తుకుని లోపలికి నడిచాడు.

తలుపు మూసుకున్నాక ఆ రంపం చప్పుడు కొంచెంసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. మత్తు ఇచ్చారు కాబోలు అని మా ఆయన అన్నాడు. నేను గోడకు చెవి ఆనించాను. రెండేళ్ళుగా నన్ను నిద్రపోనివ్వని చప్పుడు అది. అది వినిపిస్తే చాలని ఆ గోడ దగ్గర ఎంత మొక్కుకున్నానో. మా ఆయన నా పక్కన కూర్చుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ఏదేదో మొక్కుతున్నాడు. లోపల ఇనుప సామాను ట్రేలో పడ్డ చప్పుడు వచ్చింది. ఎవరో జల్దీ అన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన మాస్కు మెడ మీదికి లాక్కుని బయటికొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "ఉన్నది. దమ్ము ఆడుతుంది," అన్నాడు ముందు. ఆ రెండు మాటలు అయ్యాకే మిగతాది. "మాట పెట్టెల పులిపిర్లు. చేతుల మీద లేస్తయి చూడు, గసొంటియి. ద్రాక్షగుత్తి లెక్క నిండినయి. తీసిన. కాన్సర్ లెక్క కనబడ్తలేదు. ముక్క పరీక్షకు పంపిన, అది వచ్చినంకనే ఖాయంగ చెప్త. ఇంకొక్కటి. ఇవి మల్ల వస్తయి. ఎన్నిసార్లు వస్తయో నాకు తెల్వది."

నా కంపెనీ బట్టలకు అంటుకొచ్చిన పొడి వల్ల వచ్చిందా అని అడిగాను. కాదన్నాడు. మరి ఎందుకొచ్చింది సార్ అన్నాను. ఆయన మొదటిసారి చెప్పడానికి ఇష్టపడనట్టు కనిపించాడు. అయినా చెప్పాడు. "కాన్పుల తల్లి దగ్గర్కెళ్లి బిడ్డకు అంటుకునే క్రిమి ఒకటి ఉంటది. తల్లికి తెల్వనే తెల్వది. ఎందరికో ఉంటది. ఏ ఒక్క బిడ్డకో గిట్లయితది." మా ఆయన నా వైపు తిరిగాడు. డాక్టరు అది గమనించి, "ఆమె దిక్కు చూడకుండ్రి. మీకెళ్లి ఆమెకు వచ్చిందో ఎవ్వరికి ఎరుక," అన్నాడు. తర్వాత, "ఇంట్ల వేరేటోళ్లకు చెప్పే పని లేదు. చెప్తె మందు దొరకది, మాటలు దొరుకుతయి," అన్నాడు. మా అత్తగారికి ఈనాటికీ తెలియదు. మా ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

పులిపిర్లు మళ్ళీ వచ్చాయి. తీసిన కొన్నాళ్ళు పాప గొంతు వచ్చేది, పిట్టగొంతు లాంటిది. నేను దాన్ని వృథా పోనీయకుండా పాపను రోజంతా మాట్లాడించేదాన్ని. తర్వాత ఒకరోజు పొద్దున లేవగానే "అమ్మా" అన్న మాట చివర గరగర వినిపించేది. ఆ రోజుతో నా అన్నం, నిద్ర పోయేవి. ఆయనకు ఫోన్ చేసి, సార్ ఒకసారి దీని మాట వినండి, మళ్ళీ వచ్చాయేమో చెప్పండి అనేదాన్ని. ఆయన వినేవాడు కాదు. "ఫోన్ల ఇని చెప్తె సోది చెప్పినట్టయితది. తీసుకరా. చూసి చెప్త." మళ్ళీ బస్సు, మళ్ళీ పరదా, మళ్ళీ ఇనుప గొట్టం. ప్రతిసారీ ఇజాజత్ అడిగేవాడు. పెరిగే కొద్దీ పాప ఆయన్ను సతాయించడం మొదలుపెట్టింది. ఒకసారి ఇవ్వనంది. ఆయన కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, యాలక్కాయ ఒకటి నోట్లో వేసుకుని, "మరి ఎప్పుడిస్తవ్?" అన్నాడు. థియేటర్లో అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాపకే సిగ్గేసి లేచి వెళ్ళింది.

బొంతపల్లి జాతర రోజు గురించి నేను మామూలుగా ఎవరితోనూ మాట్లాడను. పాపకు అయిదేళ్ళుంటాయి. తీసిన పులిపిర్లు మళ్ళీ పెరుగుతున్నాయని తెలుసు, వచ్చే వారం రమ్మన్నాడు. రెండు రోజులుగా జలుబు కూడా చేసింది. అయినా వీరభద్రుని దర్శనం చేయించాలని మా ఆయన పట్టు. గుడి బయట బుడగ కొనివ్వలేదని పాప ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒక్కసారి ఊపిరి లోపలికి తీసుకుంది, అది సగంలో ఇరుక్కుంది. ఆ చప్పుడు జాతర మైకుల మధ్య కూడా వినిపించింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. ఒక ఆటోలో పడ్డాం. నేను ఆయనకు ఫోన్ చేశాను.

"పండవెట్టకుండ్రి. ముందుకు కూసోవెట్టుండ్రి. నీళ్లు గూడ తాపకుండ్రి. నువ్వు ఏడుస్తున్నవా? నువ్వు ఏడ్వకు, నిన్ను చూసి ఏడుస్తది. నేను దవాఖానకు పోతున్న. ఫోన్ పెట్టెయ్యకు."

రోడ్డు మీద ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ఆటోవాడు మట్టిలోకి దింపి నడుపుతున్నాడు. నేను పాప వీపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. మెడ కింది గుంట ఇప్పుడు పిడికిలి పట్టేలా పోతోంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ బయటికొస్తున్నాయి. కొంతసేపటికి ఆ చప్పుడు సన్నబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోన్లో ఆయన అడిగాడు, "చప్పుడు వస్తుందా?"

"తగ్గింది సార్. చాలా తగ్గింది," అన్నాను.

అవతల ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత, "తగ్గొద్దు," అన్నాడు. "జల్దీ రా బేటీ."

అప్పుడర్థమైంది నాకు. చప్పుడు చేయడానికి కూడా గాలి లేదు.

ఆసుపత్రి ముందు పోర్టికోలో ఇంట్లో కట్టుకునే లుంగీతో నిలబడి ఉన్నాడు ఆయన. ఆటో ఆగకముందే చేతులు చాచాడు. పాపను తీసుకుని పరుగెత్తాడు. ఆ వయసు మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఇజాజత్ లేదు, గడియారం తీయడం లేదు. మెడ కోస్తారనుకున్నాం. కోయలేదు. ఇనుప గొట్టం పెట్టి, కనబడ్డ సన్నటి సందులోంచే గాలి గొట్టం దింపగలిగాడట. తర్వాత అడ్డం తీశాడు.

బయటికొచ్చి తల ఊపాడు. ఉన్నది అని. నర్సు గ్లాసుతో నీళ్ళిస్తే, గ్లాసు అంచు పళ్ళకు తగిలి టకటకమంది. ఆయన చెయ్యి వణకడం అప్పుడే మొదటిసారి చూశాను. ఆ రోజుకు అది సహజమే అనుకున్నాను.

మరుసటిసారి వెళ్ళినప్పుడు ఆయన తన దగ్గర చదువుకున్న ఒక చిన్న వయసు డాక్టరమ్మను పక్కన నిలబెట్టుకుని, "ఇయ్యాల్టి సంది ఈమె చూస్తది," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. థియేటర్ బయట ఆయన చేతులు పట్టుకున్నాను. "మీ చేతికి అలవాటైన గొంతు సార్ అది. వేరే చెయ్యి వద్దు. ఆమె ఒక్కసారి కూడా దీని గొంతు నేరుగ చూడలే." నేను ఎంత అన్యాయంగా మాట్లాడుతున్నానో ఆ డాక్టరమ్మ ముఖంలో కనబడుతోంది.

ఆయన నా చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేదు. "చూడు," అన్నాడు. చూశాను. నా వేళ్ళ మధ్య ఆయన చెయ్యి ఆకులా కొట్టుకుంటోంది. "మాట పెట్టె లోపల ఉన్న జాగ ఎంతనుకున్నవ్? శనగ గింజంత లేదు. ఈ చేతితోని పోతె పులిపిర్లతో పాటు మంచిదాన్ని గూడ గీకుత. జిందగీల మల్ల గొంతు రాదు. బొంతపల్లి దినం ఎట్లనో నిలవడ్డది. మల్ల నిలవడకపోవచ్చు."

"మీరు లోపల ఉంటారా మరి?"

"ఉంట. చెయ్యి మాత్రం పెట్ట."

లోపల ఒక మూల నిలబడి చూశాడట. ఒక్కసారి కూడా ఇటు జరుపు, అటు జరుపు అనలేదని ఆ డాక్టరమ్మే తర్వాత చెప్పింది. ఆ రోజు బయటికొచ్చి మాకు సంగతి చెప్పింది ఆమే. ఆయన వెనకే వచ్చి, మా ముందు నుంచే నడిచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు కోపమొచ్చింది కూడా. మమ్మల్ని నడి దారిలో దింపేసినట్టనిపించింది.

ఆ డాక్టరమ్మ చేతిలోనే ఏళ్ళు గడిచాయి. పాపకు పదేళ్ళు దాటాక పులిపిర్లు రావడం నెమ్మదించింది. ఒకసారి ఆమె మత్తు లేకుండానే ముక్కులోంచి సన్నటి తీగ లాంటి గొట్టం పంపి, తెర మీద మాకు కూడా చూపించింది. మాటను పలికించే రెండు తెల్లటి పట్టీలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఒకదాని అంచు కొంచెం చెదిరి ఉంది. ఆ గరుకు అక్కడిదేనట. ఇప్పటికైతే ఏమీ లేదు అంది. ఇప్పటికైతే అన్న మాటను ఆమె కూడా ఆయన దగ్గరే నేర్చుకుని ఉంటుంది. ఈనాటికీ నా కూతురికి జలుబు చేస్తే నేను పక్క గదిలో లైటు ఆర్పి ఆమె ఊపిరి వింటూ పడుకుంటాను.

ఆయన పోయిన సంగతి తెలిసిన తర్వాతి ఆదివారం నేనూ నా కూతురూ ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన భార్య మమ్మల్ని గుర్తుపట్టలేదు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు మరి. ఫలానా అని చెప్పాను. మాట పూర్తి కాకముందే ఆమె నా కూతురి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వేనా," అంది. "నీ ఆపరేషనున్న దినం ఆయన పొద్దుగాల ఛాయ్ గూడ తాగకపోతుండె. ఎవ్వరన్న పలకరిస్తె కసురుకుంటుండె. నేను అడిగితె చెప్పకపోతుండె. ఒక్కసారి మాత్రం అన్నడు, ఆ పిల్ల తలకాయ ఊపినప్పుడు నాకు అక్కడ్నించి ఉరికిపోవాలనిపిస్తది అని."

నేను తలెత్తి ఆమె వైపు చూశాను. అంత భయం ఆయనలో ఉందని ఆ తలుపు దగ్గర నాకెన్నడూ తెలియలేదు. తెలిసి ఉంటే నా బిడ్డను ఆయన చేతికి ఇచ్చి ఉండేదాన్ని కాదేమో.

ఆమె నా కూతురి వైపు తిరిగింది. "ఇప్పుడు దమ్ము మంచిగ ఆడతదా బిడ్డా?"

"ఆడతది అమ్మమ్మా."

ఆమె కొంగు కళ్ళకు ఒత్తుకుని, "ఇంకేమన్న మాట్లాడు," అంది. "ఈ గొంతు కోసం ఆయన ఎంత పరేషానయిండో. నేను ఒక్కసారి గూడ ఇనలే."

నా కూతురు నా వైపు చూసింది. తర్వాత మేం వచ్చిన బస్సు గురించి మొదలుపెట్టింది. కంది దగ్గర ట్రాఫిక్‌లో ఎలా ఇరుక్కుపోయామో, ముందు సీటులో ఒకాయన ఫోన్లో తన పెళ్ళి సంబంధం సంగతి బస్సంతా వినేలా ఎలా మాట్లాడాడో, అవతలి పిల్ల వద్దందని తెలిసి బస్సంతా ఎలా బాధపడిందో. ఆ బొంగురు గొంతు ఆ గదిలో అలా సాగుతూ ఉంటే, ఆమె కొంగు దించి, కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది.

"ఆఁ," అంది. "తర్వాతేమైంది?"